అట్లాంటిక్ ఒడ్డున వానలో తీరిగ్గా కారు ప్రయాణం: మొత్తం తిరగాలా, ఒక ముక్క చాలా?

గోదారిగట్టు

అందరికీ నమస్కారం. మేం డబ్లిన్‌లో ఉంటాం. మే చివర్లో అమ్మా నాన్నా వస్తున్నారు. వాళ్లని ఐర్లాండ్ పడమటి తీరం వెంట, అదే వైల్డ్ అట్లాంటిక్ వే మీద కారులో తిప్పాలని ఉంది. మాకు దొరికే సెలవు పది రోజులు. కిన్సేల్ నుంచి మాలిన్ హెడ్ దాకా దారి 2,500 కిలోమీటర్లు అంటున్నారు. రోజుకి 250 వేసుకుంటే అయిపోతుందని మా ఆయన లెక్క. నాకు అలా పరుగులు పెట్టడం ఇష్టం లేదు. నాన్నకి సముద్రం అంటే ప్రాణం, ఒకచోట కూర్చోబెడితే గంటలు గంటలు చూస్తూ ఉండిపోతారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు. పైగా ఆ వైపు ఎప్పుడూ వానేనని అందరూ భయపెడుతున్నారు. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి. మొత్తం చుట్టాలా, ఒక ముక్క చూసినా చాలా? వాన పడితే ఏం చేస్తారు?

కార్క్‌కోడలు

ఒక ముక్క చాలండీ. మీవారి లెక్క మోటర్‌వే మీద అయితే సరిపోతుంది, ఈ దారిలో కుదరదు. 2025 ఫిబ్రవరి నుంచి ఊళ్ల మధ్య ఉండే లోకల్ రోడ్ల మీద స్పీడ్ లిమిట్ 80 నుంచి 60కి తగ్గించారు. నిజానికి అరవై కూడా వెళ్లలేం. రోడ్డుకి రెండు పక్కలా మనిషి ఎత్తు పొదలు, మధ్యలో గడ్డి మొలిచిన చోట్లు, మలుపు తిరగ్గానే ఎదురుగా ట్రాక్టరో గొర్రెల మందో. గంటకి నలభై కిలోమీటర్లు కదిలితే బాగా కదిలినట్టే. అంటే 250 కిలోమీటర్లకి ఆరేడు గంటలు కేవలం నడపడమే. ఇక మీ నాన్నగారు సముద్రం చూసేదెప్పుడు?

ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది), మహా అయితే పక్కపక్కనున్న రెండు కౌంటీలు. రెండు మూడు చోట్ల మకాం వేసి, అక్కణ్ణుంచి రోజూ కొంచెం కొంచెం తిరిగి రావడం. పెద్దవాళ్లతో అదే హాయి.

మైలురాయి

నేను ఒప్పుకోను. పూర్తి దారి నడిపినవాణ్ణి కాబట్టి చెప్తున్నా. దక్షిణాన నదులు సముద్రంలో కలిసే పచ్చటి చోట్లతో మొదలై, క్లేర్‌లో రాతి బయళ్లు దాటి, కొనెమారాలో బురదనేలలు, డొనెగల్‌కి చేరేసరికి ఒక్క చెట్టు లేని కొండలు. ఆ మార్పు కళ్ల ముందు జరగాలంటే మొత్తం నడపాల్సిందే. ఒక ముక్క చూసి అట్లాంటిక్ తీరం చూశాం అనుకోలేం కదా. స్లీవ్ లీగ్ కొండ అంచు సముద్రం మీద దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంటుంది. అందరూ ఫొటోలు దిగే క్లిఫ్స్ ఆఫ్ మోహర్ 214 మీటర్లే. డొనెగల్ దాకా వెళ్లకుండా వెనక్కి వస్తే ఆ తేడా తెలీదు.

కార్క్‌కోడలు

మైలురాయి గారూ, మీరు చెప్పిన మార్పు నిజమే. కానీ మీరు ఒక్కరే వెళ్లారు, వీళ్లు మోకాళ్ల నొప్పి ఉన్న అమ్మతో వెళ్తున్నారు. రోజూ పెట్టె సర్దుకుని కొత్త గదికి మారడం ఆవిడకి శిక్షే కదా.

పడమటిగాలి

గాల్వేలో చాన్నాళ్లుగా ఉంటున్నాను కాబట్టి వాన సంగతి నేను చెప్తాను. ముందు భయం పోగొట్టుకోండి. ఇక్కడి వాన మన ఆషాఢ శ్రావణాల వాన కాదు. తూర్పు తీరంలో ఏడాదికి 150 రోజులు తడి రోజులైతే, పడమట కొన్నిచోట్ల 225 దాకా ఉంటాయి. వినడానికి చాలా ఎక్కువ. కానీ ఒక గంటలో పడేది మామూలుగా ఒకటి రెండు మిల్లీమీటర్లే. మనం తుంపర, జల్లు, ముసురు అని విడివిడిగా పిలిచేవన్నీ ఒక్క పూటలో వచ్చిపోతాయి, కుంభవృష్టి మాత్రం అరుదు.

ఎందుకలా అంటే, ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది, అట్లాంటిక్ మీద తేమ పీల్చుకుని వస్తుంది. ముందు ఒక పెద్ద మబ్బు పొర వచ్చి కొన్ని గంటలు ముసురు పెడుతుంది. అది దాటాక వెనకాల విడివిడి మబ్బులు వరసగా వస్తాయి. ఒక జల్లు, వెంటనే ఎండ, మళ్లీ జల్లు. తీరం అందమంతా ఈ రెండో దశలోనే. వాన తెర సముద్రం మీద నడుచుకుంటూ మీవైపు రావడం కారులో కూర్చునే చూడొచ్చు. మీ నాన్నగారికి అంతకంటే ఏం కావాలి?

ఇంకొకటి, ఇది ఎవరూ చెప్పరు. తేమ గాలి కొండకి తగిలి పైకి లేచినప్పుడే ఎక్కువ కురుస్తుంది. పడమటి పల్లపు నేలల్లో ఏడాదికి వెయ్యి నుంచి 1,400 మిల్లీమీటర్లు పడితే, కొండల మీద రెండు వేలు దాటుతుంది. అంటే మధ్యాహ్నం దాకా వాన ఆగకపోతే వెనక్కి, లోపలికి పరుగెత్తకండి. ఇంకా బయటికి, సముద్రంలోకి పొడుచుకొచ్చిన చదునైన కొసకి వెళ్లండి. కొనెమారాలో ట్వెల్వ్ బెన్స్ కొండలు మబ్బులో మునిగి ఉన్నప్పుడు రౌండ్‌స్టోన్ ఒడ్డున నేల పొడిగా ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను. మేయోలో ముల్లెట్ ద్వీపకల్పం కూడా అంతే, మబ్బు ఆగడానికి అక్కడ కొండే లేదు.

వానకి భయపడొద్దు, గాలికి భయపడండి. ఇక్కడి వాతావరణ శాఖ మెట్ ఏరన్ వాళ్లు పసుపు, నారింజ, ఎరుపు అని మూడు రంగుల హెచ్చరికలు ఇస్తారు. పసుపు అయితే జాగ్రత్తగా తిరగొచ్చు. నారింజ వస్తే ఆ రోజు గదిలోనే ఉండండి, సముద్రం ఒడ్డుకి వెళ్లొద్దు. ఎరుపు అంటే ఇల్లు కదలొద్దు. 2025 జనవరిలో ఎవోన్ తుఫాను వచ్చినప్పుడు ఈ గాల్వే తీరంలోనే, మేస్ హెడ్ దగ్గర గాలి గంటకి 180 కిలోమీటర్లు దాటింది. మే, జూన్‌లలో అలాంటివి అరుదే. అయినా రోజూ పొద్దున్నే హెచ్చరిక చూసుకోవడం అలవాటు చేసుకోండి.

గోదారిగట్టు

పడమటిగాలి గారూ, చాలా థ్యాంక్స్. కొండని వదిలి కొసకి వెళ్లమన్న మాట మా ఆయనకి చదివి వినిపించాను. 250 లెక్క ఇప్పుడు కాస్త మెత్తబడింది. నడిపేది ఆయనే. ఇరుకు రోడ్ల సంగతి ఎవరైనా వివరంగా చెప్తారా? అద్దె కారు తీసుకుందామనుకుంటున్నాం, మా కారులో నలుగురికీ సామాన్లకీ చోటు చాలదు.

స్టీరింగ్_స్వామి

మొదటి సంగతి, దక్షిణం నుంచి ఉత్తరానికి నడపండి. ఇక్కడ బండి ఎడమ పక్కన నడుపుతాం కదా, ఉత్తరం వైపు వెళ్తుంటే సముద్రం మన పక్కనే ఉంటుంది. ఆగాలనిపిస్తే ఎదురొచ్చే బళ్లకి అడ్డం పడకుండా ఎడమకి తిప్పి ఆపొచ్చు. నాన్నగారిని ముందు సీట్లో, డ్రైవర్ పక్కన కూర్చోబెట్టండి, ఆయన కిటికీ నేరుగా సముద్రంలోకే.

కారు చిన్నది తీసుకోమని అందరికీ చెప్తాను. నలుగురున్నారు కాబట్టి డిక్కీ పెద్దగా ఉండి వెడల్పు తక్కువున్న బండి అడగండి. పెద్ద ఎస్‌యూవీ ఇస్తామంటే వద్దనండి. ఆటోమేటిక్ కావాలంటే ముందే బుక్ చేయాలి, దొరికేవి తక్కువ, అద్దె ఎక్కువ. ఇన్సూరెన్స్ కాగితం చదివేటప్పుడు టైర్లు, అద్దాలు, బండి అడుగుభాగం కవర్ అవుతాయా లేదా చూడండి. మామూలు పాలసీల్లో చాలావాటికి ఇవి ఉండవు, ఈ రోడ్ల మీద దెబ్బ తగిలేవి అవే.

ఇరుకు రోడ్డు మీద ఎదురుగా బండి వస్తే, ఎవరికి ఖాళీ చోటు దగ్గరుంటే వాళ్లు వెనక్కి వెళ్లాలి. వెనక్కి నడపడం బాగా వచ్చి ఉండాలి, మీవారిని ఒక రోజు ఖాళీ పార్కింగ్‌లో సాధన చేయమనండి. వెనకాల లోకల్ వాళ్లెవరైనా తొందరలో ఉంటే ఎడమకి ఆపి దారి ఇవ్వండి. వాళ్లకి అది పనికి వెళ్లే దారి. దారి ఇచ్చినవాళ్లకి స్టీరింగ్ మీద నుంచి ఒక వేలెత్తి పలకరిస్తారు, మీరూ అలాగే ఎత్తండి.

గాలి గురించి పడమటిగాలి చెప్పినదానికి ఒక మాట కలుపుతా. కొండ అంచున కారు ఆపినప్పుడు బానెట్ గాలికి ఎదురుగా ఉండేలా ఆపండి. గాలి వెనక నుంచి వీస్తుంటే తలుపు తీయగానే లాగేసి కీళ్లు విరిచేస్తుంది. రెండు వైపుల తలుపులూ ఒకేసారి తీయొద్దు. లోపలి కాగితాలన్నీ ఎగిరి సముద్రంలో పడతాయి.

వానపాట

అద్దె కారు కన్నా క్యాంపర్ వ్యాన్ అయితే ఎలా ఉంటుంది? గది బుకింగ్ల గొడవే ఉండదు కదా.

స్టీరింగ్_స్వామి

ఇద్దరికైతే బాగుంటుంది బ్రదర్. పెద్దవాళ్లు తడి బట్టలతో వ్యాన్‌లో రాత్రుళ్లు గడపడం కష్టం. పైగా వ్యాన్‌తో కొన్ని దారులు మూసుకుపోతాయి. డింగిల్ దగ్గర కానర్ పాస్ అనే కొండదారి మీదకి 2 టన్నులు దాటిన వాహనాలు వెళ్లకూడదు.

నీలికొండ

గోదారిగట్టు అక్కా, నా మాట వింటే దక్షిణాన ఉన్న కెర్రీ వదిలేసి కొనెమారా, మేయో చూడండి. కెర్రీ అందమైనదే, కాదనను. కానీ మే చివర్లో రింగ్ ఆఫ్ కెర్రీ మీద టూరిస్టు బస్సులు వరసకట్టి ఉంటాయి. మీరు అడుగుతున్న తీరిక అక్కడ దొరకదు. మీకు నచ్చుతాయనుకున్నవి చెప్తాను, వరస మీరు పెట్టుకోండి.

క్లిఫ్డెన్‌లో మకాం వేయండి. ఊరి పక్కనే స్కై రోడ్ ఉంది, కొండ మీదకి ఎక్కగానే కింద దీవులన్నీ కనిపిస్తాయి, అమ్మ కారు దిగక్కర్లేదు. ఇంకో వైపు డెరిగిమ్లా అనే బురదనేల. 1919 జూన్ 15న ఆల్కాక్, బ్రౌన్ ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్ దాటిన మొదటి విమానాన్ని దింపింది ఆ బురదలోనే. పచ్చిక మైదానం అనుకుని దించితే ముక్కు నేలలో దిగబడింది, ఇద్దరూ క్షేమంగా బయటపడ్డారు. దగ్గర్లోనే మార్కోనీ వైర్‌లెస్ స్టేషన్ మొండి గోడలు ఉన్నాయి. నడకదారి చదునుగా ఉంటుంది, నాన్నకి బాగా నచ్చుతుంది.

రౌండ్‌స్టోన్ దగ్గర డాగ్స్ బే అని ఒక ఒడ్డు. అక్కడి ఇసుక రాతి ఇసుక కాదు, నలిగిన గవ్వలూ సూక్ష్మజీవుల గుల్లలూ. అందుకే మబ్బు పట్టిన రోజున కూడా తెల్లగా మెరుస్తుంది.

ఓమీ దీవికి ఆటు సమయంలో ఇసుక మీదుగా కారు నడుపుకుంటూ వెళ్లొచ్చు. పోటు మొదలైతే దారి మునిగిపోతుంది. ఆటుపోట్ల వేళలు ముందే చూసుకుని, నీళ్లు తగ్గి ఇసుక దారి తేలాక వెళ్లి, పోటు మొదలయ్యేలోపే వెనక్కి వచ్చేయండి. వేళ గురించి ఏ కాస్త అనుమానం ఉన్నా ఒడ్డునే ఆగండి. అద్దె కారుకి ఉప్పునీళ్లు తగలనివ్వకండి, ఏ ఇన్సూరెన్సూ కాపాడదు.

తర్వాత లీనాన్ మీదుగా లూయిస్‌బర్గ్‌కి వెళ్లే డూలాక్ దారి. నాకు ఈ తీరమంతటిలోకీ ఇష్టమైన రోడ్డు ఇదే. ఎండలో కాదు, వానలోనే వెళ్లండి. వాన పడుతుంటే రెండు పక్కల కొండల మీద తెల్లటి ధారలు ఎక్కడ పడితే అక్కడ పుట్టుకొస్తాయి. లీనాన్ దగ్గర ఆస్లీ జలపాతం కూడా వాన తర్వాతే చూడాలి. డూలాక్ దగ్గర ఒక చిన్న రాతి గుర్తు ఉంది. 1849 మార్చిలో, పెద్ద కరువులో, సాయం కోసం పంపితే ఈ లోయలో నడుచుకుంటూ వెళ్లిన ఆకలి మనుషులు ఎందరో దారిలోనే చనిపోయారు. దయచేసి అక్కడ ఆగండి. సెల్ఫీ తీసుకుని కదిలే చోటు కాదు అది.

చివరికి అకిల్. దీవే అయినా వంతెన ఉంది, కారులోనే వెళ్లొచ్చు. మినాన్ హైట్స్ పైదాకా రోడ్డు ఉంది, నిటారుగా ఉంటుంది, మొదటి గేర్‌లో ఎక్కాలి. పైన గాలి తట్టుకోలేకపోతే కారులోంచే చూడొచ్చు. కీమ్ బేకి దిగే దారి మాత్రం కొండ అంచునే వెళ్తుంది, భయపడేవాళ్లు సముద్రం వైపు కూర్చోకపోవడం మంచిది. దూఆ అనే ఊళ్లో ఇసుక ఒడ్డు 1984 తుఫాన్లలో మొత్తం కొట్టుకుపోయి రాళ్లు మిగిలాయి. 2017లో కొన్ని రోజుల్లోనే సముద్రం ఆ ఇసుకని మళ్లీ తెచ్చి పోసింది. ముప్పై మూడేళ్ల తర్వాత! సముద్రం ఇష్టమైన మీ నాన్నకి ఈ సంగతి అక్కడే నిలబడి చెప్పండి.

మైలురాయి

నీలికొండ చెప్పిన డూలాక్ విషయంలో నేనూ చేయి కలుపుతాను. నా మాట మార్చుకోవడం లేదు, వయసులో ఉండి సెలవు ఎక్కువ ఉన్నవాళ్లు మొత్తం నడపాలి. ఇంత వివరం చదివాక గోదారిగట్టు గారి కుటుంబానికి మాత్రం గాల్వే నుంచి అకిల్ దాకా సరైనదని ఒప్పుకుంటున్నా. వీలైతే ఒక్క రోజు కలిపి మేయో ఉత్తర కొసన డౌన్‌ప్యాట్రిక్ హెడ్ చూడండి. అక్కడ డున్ బ్రిష్ట అనే రాతి స్తంభం సముద్రంలో ఒంటరిగా నిలబడి ఉంటుంది. 1393లో తుఫానుకి నేల నుంచి విడిపోయిందని చెప్తారు. పొరలు పొరలుగా, ఒక్కో పొరా లెక్కపెట్టేలా ఉంటుంది. అంచుకి కంచె ఉన్నంత వరకే వెళ్లాలి. గడ్డి తడిగా ఉన్నప్పుడు జారుతుంది, గాలి ఊపు ఊహించలేం.

గోదారిగట్టు

ఇవన్నీ చదువుతుంటే ఇప్పుడే బయల్దేరాలనిపిస్తోంది. రెండు అనుమానాలు. నాన్నకి స్కెల్లిగ్ మైకేల్ దీవి చూడాలని ఎప్పటినుంచో కోరిక, కెర్రీ వదిలేస్తే అది పోతుంది కదా? రెండోది, ముసురు రోజంతా వదలకపోతే లోపల కూర్చుని చూసేవేమైనా ఉన్నాయా?

కార్క్‌కోడలు

స్కెల్లిగ్ గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. 1996 నుంచి అది యునెస్కో వారసత్వ స్థలం. సన్యాసులు కట్టుకున్న రాతి గూళ్ల దాకా చేరాలంటే 618 మెట్లు ఎక్కాలి, పట్టుకోవడానికి చాలాచోట్ల ఏమీ ఉండదు. రోజుకి 180 మందినే దీవి మీదకి అనుమతిస్తారు, పడవలు మే మధ్య నుంచి సెప్టెంబర్ చివరి దాకానే. టికెట్ దొరికినా కెరటాలు పెద్దగా ఉంటే ఆ పొద్దున్నే రద్దు చేస్తారు. దిగే చోటే ఇబ్బంది, పడవ పైకీ కిందకీ ఊగుతుంటే మెట్టు మీదకి కాలు వేయాలి. అమ్మగారి వల్ల కాదు. నాన్నగారి కోసం దాన్నే లక్ష్యంగా పెట్టుకుంటే మూడు నాలుగు రోజులు పోర్ట్‌మాగీ చుట్టుపక్కలే ఖాళీగా ఉంచుకోవాలి. దీవి మీద దిగకుండా చుట్టూ తిప్పి తెచ్చే పడవలు కూడా ఉన్నాయి. లిటిల్ స్కెల్లిగ్ మీద వేల వేల గానెట్ పక్షులు తెల్లగా మంచు కప్పినట్టు కూర్చుని ఉంటాయి. దాని కోసం వేరే సెలవు పెట్టుకోవడమే నా సలహా.

పడమటిగాలి

లోపల చూసేవి: కాసిల్‌బార్ దగ్గర టర్లో పార్క్‌లో నేషనల్ మ్యూజియం వాళ్ల గ్రామీణ జీవన మ్యూజియం ఉంది, టికెట్ లేదు. పాత రైతు ఇళ్లలో వాడిన గడ్డి తాళ్లు, బుట్టలు, పడవలు చూస్తుంటే మీ అమ్మగారు అక్కణ్ణుంచి కదలరు. క్లిఫ్డెన్ వైపు ఉంటే కైల్మోర్ ఆబీ అనే మఠం. మేయో ఉత్తరాన కేయిజ్ ఫీల్డ్స్, పీట్ అనే బురదనేల కింద దొరికిన రాతియుగపు పొలం గట్లు.

ఊరికే కూర్చోవడం కూడా ఒక పనే అనుకోండి. గది తీసుకునేటప్పుడు కిటికీ సముద్రం వైపు ఉందా అని అడగండి, వంటగది ఉన్న ఇల్లయితే ఇంకా మేలు. ఫ్లాస్కులో టీ పోసుకుని ఒడ్డున కారు ఆపి గంట కూర్చుంటే ముసురు ఎటు పోతోందో మీకే తెలుస్తుంది. పది రోజుల్లో మూడు రోజులు ఏమీ రాసుకోకుండా వదిలేయండి. వాతావరణాన్ని బట్టి ఆ రోజులు ఎక్కడ వాడాలో ముందు రోజు రాత్రి నిర్ణయించుకోవచ్చు. అప్పటికి రాత్రి దాదాపు పదింటి దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి పగలంతా వాన పడినా సాయంత్రం ఒక పూట మిగులుతుంది.

బట్టల విషయం: గొడుగు ఇంట్లోనే పెట్టేయండి, గాలికి నిలవదు. టోపీ ఉన్న వాన కోటు, అదనంగా వాన ప్యాంటు, ప్రతి ఒక్కరికీ రెండు జతల బూట్లు. ఒక జత తడిస్తే రెండు రోజులు ఆరదు. గాలి పడిపోయిన సాయంత్రాల్లో మిడ్జ్‌లని చిన్న దోమల్లాంటివి కుడతాయి, దానికి మందు పెట్టుకోండి.

స్టీరింగ్_స్వామి

ఇంకో రెండు ముఖ్యమైనవి. కొనెమారా, మేయోల్లో ఐరిష్ మాట్లాడే ప్రాంతాల్లో బోర్డుల మీద ఊరి పేరు ఐరిష్‌లోనే ఉంటుంది. మ్యాప్‌లో బెల్ముల్లెట్ అని ఉంటే బోర్డు మీద పూర్తిగా వేరే స్పెల్లింగ్ కనిపిస్తుంది. పేపర్ మ్యాప్ మీద రెండు పేర్లూ ముందే రాసి పెట్టుకోండి. సిగ్నల్ పోయే చోట్లు చాలా ఉన్నాయి, ఫోన్‌లో మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. ట్యాంకు సగానికి రాగానే నింపుకోండి.

ఒడ్డున రాళ్ల మీద నిలబడితే సముద్రానికి వీపు పెట్టొద్దు. చిన్న అలల మధ్య ఉన్నట్టుండి ఒక్కటి పెద్దది వస్తుంది. ఏదైనా జరిగితే 112కి గానీ 999కి గానీ కాల్ చేసి కోస్ట్ గార్డ్ కావాలని చెప్పాలి. వెనకాల దూకి కాపాడాలని ఎవరూ నీళ్లలో దిగకూడదు.

గోదారిగట్టు

అందరికీ మనస్ఫూర్తిగా థ్యాంక్స్. ఇలా అనుకున్నాం. మొదట క్లేర్‌లో బ్లాక్ హెడ్ రోడ్డు చూసుకుని గాల్వే, తర్వాత క్లిఫ్డెన్‌లో నాలుగు రాత్రులు, డూలాక్ మీదుగా వెస్ట్‌పోర్ట్, అక్కణ్ణుంచి అకిల్. మూడు రోజులు ఖాళీ. స్కెల్లిగ్ నాన్నా నేనూ ఇద్దరమే సెప్టెంబర్‌లోగా ఇంకోసారి. మా ఆయన రివర్స్ నడపడం మొదలుపెట్టేశారు. దీంట్లో మార్చాల్సింది ఏమైనా ఉందా?

నీలికొండ

బాగుంది అక్కా. బ్లాక్ హెడ్ దగ్గర రాతి నేల మీద ఆగండి, మే చివరికి ఇంకా నీలం రంగు జెన్షన్ పూలు కొన్ని మిగిలి ఉండొచ్చు. ఒక్క మార్పు: జూన్ మొదటి సోమవారం ఇక్కడ బ్యాంక్ హాలిడే. ఆ శని, ఆదివారాల్లో వెస్ట్‌పోర్ట్‌లో గదులు దొరకడం కష్టం, దొరికినా రేటు రెట్టింపు. ఆ వారాంతం క్లిఫ్డెన్‌లోనో అకిల్‌లోనో పడేలా తేదీలు సర్దుకుని, ఆ రాత్రులకి మాత్రం ఈ వారమే బుక్ చేసేయండి.